అక్షరం తాతది, కథ అమ్మమ్మది: గోర్కీ ‘బాల్యం’

మాక్సిం గోర్కీ అనగానే మన పెద్దవాళ్లకు ‘అమ్మ’ నవల గుర్తొస్తుంది. క్రొవ్విడి లింగరాజు గారు దాన్ని తెలుగు చేశారు. చదవనివాళ్లు కూడా ఆ పేరు వినే ఉంటారు. కానీ గోర్కీ రాసిన ఇంకో పుస్తకం ఉంది. అందులో అమ్మ చాలాసార్లు ఇంట్లోనే ఉండదు. పిల్లవాడిని పెంచేది అమ్మమ్మ, తాత. ఆ పుస్తకం ‘బాల్యం’. 1913, 1914 సంవత్సరాల్లో వెలువడింది. గోర్కీ తన కథను మూడు పుస్తకాలుగా రాసుకున్నాడు. వాటిలో ఇది మొదటిది. మా బడి లైబ్రరీలో అట్ట ఊడిపోయిన తెలుగు అనువాదం ఒకటి ఉంది. ఈ ఎండాకాలం సెలవుల్లో దాన్ని రెండుసార్లు చదివాను.

ఎందుకు రెండుసార్లు అంటే, మన బడిలో ప్రతి ఏడూ ఒక వ్యాసం రాయిస్తారు: ‘నేను పెద్దయ్యాక ఏమవుతాను?’ చాలామంది ఒకేలా రాస్తారు. ‘మా తాత నన్ను కలెక్టరు కావాలని దీవించాడు, కాబట్టి కలెక్టరు అవుతాను.’ ‘మా అవ్వకు మోకాళ్ల నొప్పులు, కాబట్టి డాక్టరు అవుతాను.’ ఇవి అబద్ధాలని నేను అనడం లేదు. కానీ పెద్దవాళ్ల ప్రభావం అంటే ఇంతేనా? వాళ్లు ‘ఫలానా కా’ అని చెప్పడం, మనం ‘సరే’ అనడం, అంతేనా? గోర్కీ పుస్తకంలో అమ్మమ్మ మనవడితో ‘నువ్వు రచయితవి కా’ అనదు. తాతకు ఆ ఊహే లేదు. అయినా ఆ పిల్లవాడు రచయిత అయ్యాడు, అదీ వాళ్లిద్దరి వల్లే. అది ఎట్లా జరిగిందో చూపించడమే ఈ పుస్తకం గొప్పతనమని నా అభిప్రాయం.

ముందు కథ కొంచెం చెప్తాను. గోర్కీ అసలు పేరు అలెక్సెయ్ పేష్కోవ్. ఇంట్లో అల్యోషా. 1868లో వోల్గా నది ఒడ్డున ఉన్న నీజ్నీ నోవ్‌గొరోద్‌లో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి కలరాతో చనిపోయాడు. పుస్తకం తండ్రి శవం దగ్గరే మొదలవుతుంది. తండ్రిని పాతిపెడుతుంటే గుంటలో కప్పలు కనిపిస్తాయి. మట్టి కప్పేస్తే ఆ కప్పలు బయటికి వస్తాయా రావా అని పిల్లవాడికి బెంగ. చావు అంటే ఏమిటో తెలియని వయసు. తరువాత అమ్మమ్మ అకులీనా ఇవానొవ్నా అతన్నీ తల్లినీ పడవ మీద తన ఇంటికి తీసుకుపోతుంది. ఆ ఇంటి యజమాని తాత వసీలీ కాషిరిన్. అద్దకం పని చేయించే దుకాణం ఆయనది. మామయ్యలు ఇద్దరూ ఆస్తి పంచమని రోజూ కొట్లాడుకుంటుంటారు. శనివారం వస్తే తాత ఆ వారంలో తప్పు చేసిన పిల్లలను బెత్తాలతో కొడతాడు. అట్లాంటి ఇంట్లో పెరిగిన పిల్లవాడి కథ ఇది.

అమ్మమ్మ గురించి చెప్పకుండా ఈ పుస్తకం గురించి ఎవరూ మాట్లాడరు. మొదటి అధ్యాయంలోనే ఆమె పడవ మీద కూర్చుని కథలు చెప్తుంది. ఇంట్లో పొయ్యి దగ్గర తిరిగే చిన్న దయ్యం కథ, దొంగల కథలు, సాధువుల కథలు, జంతువుల కథలు. పిల్లవాడు వింటుంటే గడ్డాల పడవవాళ్లు కూడా వచ్చి చుట్టూ చేరి, నవ్వుతూ, ఇంకోటి చెప్పమని అడుగుతారు. నాకు ఈ చోటు చాలా ముఖ్యమనిపించింది. అమ్మమ్మ కథ పిల్లలను నిద్రపుచ్చేందుకు చెప్పే జోల కాదు. కష్టం చేసి అలిసిపోయిన పెద్దవాళ్లను కూడా ఆపి కూర్చోబెట్టే శక్తి దానికి ఉంది. అల్యోషా ఆ శక్తిని చూశాడు. కథ మాత్రమే విన్నాడనుకుంటే పొరపాటు. కథ ఏం చేస్తుందో అతడు మొదటిసారి కళ్లారా చూశాడు.

ఆమె వచ్చేదాకా తాను చీకట్లో నిద్రపోతున్నట్టు ఉన్నాననీ, ఆమె లేపి వెలుగులోకి తెచ్చిందనీ గోర్కీ రాస్తాడు. తన చుట్టూ ఉన్నదాన్నంతా ఆమె ఒకే దారంతో కలిపి రంగురంగుల లేసులాగా అల్లిందట. ఇక్కడ లేసు అనే మాట ఊరికే వచ్చింది కాదు. ఆమె నిజంగానే లేసు అల్లే మనిషి. చిన్నప్పుడు తల్లితో కలిసి అడుక్కుని, తరువాత లేసు అల్లిక నేర్చుకుని బతికింది. ముసలితనంలో డబ్బు లేనప్పుడు మళ్లీ ఆ పనే చేసింది. చేతిపనికీ కథకూ తేడా లేదన్నట్టు రాశాడు గోర్కీ. దారాలు ఎక్కడ దొరికితే అక్కడ తీసుకుని, ముడివేసి, ఖాళీలు వదిలి, అందంగా చేయడమే రెండు చోట్లా జరిగేది.

ఈ ప్రభావం నిజంగా మిగిలిందా అని అడిగితే సాక్ష్యం ఉంది. గోర్కీ మొదట అచ్చయిన కథ ‘మకార్ చుద్రా’. 1892లో టిఫ్లిస్ పట్టణంలో ఒక పత్రికలో వచ్చింది. ఆ కథలో ముసలి జిప్సీ ఒకడు నెగడు దగ్గర కూర్చుని ఒక యువకుడికి కథ చెప్తాడు. ఆ తరువాత 1895లో వచ్చిన ‘ముసలి ఇజెర్గిల్’లో ఒక ముసలమ్మ సముద్రం దగ్గర కూర్చుని పాత కథలు చెప్తుంది, ఒక యువకుడు వింటాడు. చూశారా? రెండింటిలోనూ ముసలివాళ్లే చెప్పేది, చిన్నవాడే వినేది. తన మొదటి కథల్లోనే అతడు ఆ పాత పద్ధతికి తిరిగి పోయాడు. రచయిత అవుదామని నిలబడినప్పుడు అతని చెవిలో ఉన్న గొంతు అమ్మమ్మదే అనుకుంటాను. ఇది ఆమె ఇచ్చిన సలహా కాదు, ఆమె కూర్చున్న తీరు.

ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. నేను వాదించదలచుకున్నది తాత గురించి.

తాతను ప్రేమించడం కష్టం. పండగలకు పరిచే తెల్ల బల్లగుడ్డకు నీలి రంగు వేస్తే బాగుంటుందని అన్న వరస పిల్లవాడొకడు ఉసిగొల్పితే అల్యోషా దాన్ని రంగులో ముంచుతాడు. దానికి తాత స్పృహ తప్పేదాకా కొడతాడు. పిల్లవాడు జబ్బుపడి మంచం ఎక్కుతాడు. అమ్మమ్మను కూడా కొడతాడు. ఒకసారి తల మీద కొట్టిన దెబ్బకు ఆమె జడపిన్నులు చర్మంలోకి దిగిపోతాయి. పిల్లవాడే వాటిని బయటికి తీస్తాడు. ఈ పేజీలు చదివేటప్పుడు నేను పుస్తకం మూసేశాను, మళ్లీ తెరిచాను.

కానీ అదే తాత జబ్బుపడిన మనవడి మంచం దగ్గరికి మేక ఆకారంలో చేసిన తీపి రొట్టె, ఆపిల్ పండు, ద్రాక్ష తీసుకుని వస్తాడు. పక్కన కూర్చుని తన యవ్వనం గురించి చెప్తాడు. వోల్గా ఒడ్డున తాడు భుజానికి కట్టుకుని, ఎదురు నీటికి పడవలు లాగిన కూలీ ఆయన. ఎండలో, రాళ్ల మీద, కాళ్లకు చెప్పులు లేకుండా. వింటున్న పిల్లవాడికి ఆ ఎండిపోయిన ముసలాయన పెద్ద రాక్షసుడంత బలవంతుడిగా కనిపిస్తాడు. అంటే తాత కూడా కథ చెప్పగలడు. ఆయన కథల్లో దయ్యాలు లేవు, అన్నీ జరిగినవే. అమ్మమ్మ కథల్లో లోకం ఎట్లా ఉంటే బాగుండునో ఉంటుంది. తాత కథల్లో లోకం ఎట్లా ఉందో ఉంటుంది. గోర్కీ తరువాత రాసినవాటిలో ఈ రెండూ కలిసే ఉన్నాయి.

ఇంకో పెద్ద విషయం. అల్యోషాకు అక్షరాలు నేర్పింది తాతే. పుస్తకంలో నాకు బాగా నచ్చిన చోటు ఇది. తాత ఎక్కడినుంచో ఒక కొత్త పుస్తకం తెచ్చి, అరచేతి మీద చరిచి, రా కూర్చో అని పిలుస్తాడు. అవి చర్చిలో వాడే పాత స్లావిక్ అక్షరాలు: అజ్, బూకి, వేది. తాత వేలు పెట్టి చూపిస్తాడు, మనవడు గట్టిగా అరుస్తాడు. ఇద్దరికీ చెమటలు పడతాయి. తాతకు నవ్వూ దగ్గూ కలిసి వస్తాయి. కొన్ని రోజులకే పిల్లవాడు ప్రార్థన పుస్తకం కూడబలుక్కుని చదివేస్తాడు. కొట్టిన చెయ్యే అక్షరం మీద వేలు పెట్టి చూపించింది. గోర్కీ ఈ మాటను దాచలేదు. తాత మీద కోపంతో ఆ అధ్యాయం తీసేసి ఉంటే అమ్మమ్మ ఒక్కతే తనను రచయితను చేసిందని మనం నమ్మేవాళ్లం. అట్లా తీసెయ్యకపోవడమే ఈ పుస్తకం నిజాయితీ.

ఈ రెండూ ఎక్కడ కలుస్తాయో కూడా గోర్కీ చూపించాడు. వాళ్లింట్లో ఒక గదిలో అద్దెకు ఉండే మనిషి ఒకడు ఉంటాడు. ఎవరితో కలవడు. సీసం కరిగిస్తూ, చిన్న త్రాసులో ఏవో తూస్తూ ఉంటాడు. టీకి పిలిచినా భోజనానికి పిలిచినా ‘మంచి పని’ అంటాడు కాబట్టి అందరూ అతన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. ఒక సాయంత్రం అమ్మమ్మ ఇవాన్ అనే యోధుడు, మిరోన్ అనే సన్యాసి కథ చెప్తుంది. మూలంలో అది పాటలాగా నడిచే కథ అని మా సారు చెప్పారు. చెడ్డ ఆజ్ఞను పాటించడం, ఇంకొకరి మనస్సాక్షి వెనుక దాక్కోవడం ఎంత తప్పో ఆ కథ చెప్తుంది. అది విని ఆ మనిషి కన్నీళ్లు పెట్టుకుంటాడు. దీన్ని తప్పకుండా రాసిపెట్టాలి అంటాడు. తరువాత ఒకరోజు అల్యోషాను నీకు రాయడం వచ్చా అని అడుగుతాడు. రాదంటే, నేర్చుకో, నేర్చుకున్నాక మీ అమ్మమ్మ చెప్పేవి రాసిపెట్టు, పనికొస్తాయి అంటాడు.

పుస్తకం మొత్తంలో ఆ పిల్లవాడికి ‘నువ్వు ఇది చెయ్యి’ అని దారి చూపించిన మాట ఇదే అనిపిస్తుంది. అది చెప్పింది అమ్మమ్మ కాదు, తాత కాదు. ఇంట్లోవాళ్లు పిచ్చివాడనుకుని చివరికి ఖాళీ చేయించి పంపేసిన పరాయి మనిషి. అతనికి ఒక విషయం అర్థమైంది: ఈ ఇంట్లో కథ ఒక గదిలో ఉంది, అక్షరం ఇంకో గదిలో ఉంది, రెండూ ఒకదాన్నొకటి చూసుకోవడం లేదు. రెంటినీ కలపగలిగినవాడు ఆ పిల్లవాడు ఒక్కడే. మనవళ్లూ మనవరాళ్లూ చేసే పని ఇదే అనుకుంటాను. పెద్దవాళ్లు ఒకరితో ఒకరు పంచుకోలేకపోయినవి మన దగ్గర కలుస్తాయి.

అయితే అల్యోషా అన్నీ తీసుకోలేదు. దీని గురించి ఎవరైనా మాట్లాడతారేమో అని చూశాను, మా క్లాసులో చర్చ జరిగినప్పుడు ఎవరూ మాట్లాడలేదు. అమ్మమ్మకు ఓర్పు చాలా ఎక్కువ. మొగుడు కొట్టినా ఓర్చుకుంటుంది, కొడుకులు తిట్టినా ఓర్చుకుంటుంది, మనవడికి కూడా ఓర్చుకోమనే చెప్తుంది. ఆమెకు భయం లేదని కాదు గానీ భయపడి ఆగే మనిషి కాదు. అద్దకం దుకాణం తగలబడినప్పుడు అందరూ కేకలు వేస్తుంటే ఆమె మంటల్లోకి పోయి పేలిపోయే రసాయనం సీసాను ఎత్తుకుని వస్తుంది. చేతులు కాలిపోతాయి. అంత ధైర్యం ఉన్న మనిషి మొగుడి చెయ్యిని మాత్రం పట్టుకుని ఆపదు. గోర్కీ ఆమెను ఎంత ప్రేమించినా ఈ ఒక్కటి మాత్రం తీసుకోలేదు. తాత ఆమెను కొట్టాడని తెలిసినప్పుడు పిల్లవాడు తాతకు ప్రాణంలాంటి సాధువుల బొమ్మల క్యాలెండరు తీసుకుని ఒక్కొక్క బొమ్మ తల కత్తిరిస్తాడు. ‘ఓర్చుకోవడం’ తనకు సరిపడలేదని రెండో పుస్తకంలో ఆయనే రాసుకున్నాడు.

తాత దగ్గర కూడా అంతే. అక్షరం తీసుకున్నాడు, పిసినారితనం తీసుకోలేదు. ఆస్తి పోయాక తాత అమ్మమ్మతో లెక్కలు విడదీసుకుంటాడు. ఒక రోజు ఆయన ఖర్చు, ఒక రోజు ఆమె ఖర్చు. టీ పొడిని అరచేతిలో పోసుకుని ఆకులు లెక్కపెడతాడు, ఎవరిది ఎక్కువ పడిందో అని. ఆ రోజుల్లో అల్యోషా వీధుల్లో ఎముకలు, పాత గుడ్డలు ఏరి అమ్మి వచ్చిన కాపెక్కులు అమ్మమ్మ చేతిలో పెడతాడు. బడిలో పిల్లలు చెత్త ఏరేవాడని వెక్కిరిస్తారు. అయినా మంచి మార్కులతో పాసవుతాడు. బహుమతిగా పుస్తకాలు, ఒక ప్రశంసా పత్రం వస్తాయి. అప్పటికి అమ్మమ్మ జబ్బుపడి ఉంది, ఇంట్లో డబ్బు లేదు. పుస్తకాలను ఒక దుకాణంలో 55 కాపెక్కులకు అమ్మేసి ఆ డబ్బు అమ్మమ్మకు ఇస్తాడు. ప్రశంసా పత్రం మీద ఏవో పిచ్చి గీతలు గీసి తాతకు ఇస్తాడు. తాత ఆ కాగితాన్ని విప్పి చూడకుండా పెట్టెలో దాచుకుంటాడు.

ఈ ఒక్క సంఘటనలో ముగ్గురూ ఉన్నారు. ఏం సాధించాడో చూడకుండా కాగితాన్ని దాచుకునే తాత ఉన్నాడు. తన మందుకు మనవడి బహుమతి పోయిందని బహుశా తెలియని అమ్మమ్మ ఉంది. చదువుకోవాలనే కోరిక ఎంత ఉన్నా దాన్ని అమ్మేసి కూడా బాధపడినట్టు రాయని పిల్లవాడు ఉన్నాడు. ఆశయం అంటే ముందుకు ఉరకడం ఒక్కటే కాదనీ, మన ఆశయానికి కారణమైనవాళ్ల కోసం ఒక్కోసారి దాన్ని పక్కన పెట్టడం కూడా అందులో భాగమేననీ నాకు ఇక్కడ అనిపించింది.

రష్యాలో ఎప్పుడో జరిగిన కథను హోసూరు పిల్లలం మనం ఎందుకు చదవాలి అని ఎవరైనా అడగొచ్చు. నా జవాబు మన ఇళ్లలోనే ఉంది. మన ఊళ్లో వీధిలో తమిళం, సంతలో కన్నడం, ఇంట్లో తెలుగు. 2006 చట్టం తరువాత ఈ రాష్ట్రంలో బడిలో తమిళం తప్పనిసరి. ఆ భాష మీద నాకు కోపం లేదు, అందులో నాకు మంచి మార్కులే వస్తాయి. కానీ మన తెలుగు సంగతి చూడండి. మా అవ్వకు తెలుగు కథలు లెక్కలేనన్ని వచ్చు, ఒక్క అక్షరం కూడా రాదు. మా తాతకు తెలుగు అక్షరాలు వచ్చు, అయితే ఆయన దానితో చేసేది పాత భూమి కాగితాలు చదవడమే. నేను ప్లస్ వన్‌లో తెలుగు తీసుకుంటానంటే ‘అది కూడు పెడుతుందా పాపా?’ అన్నాడు. అవ్వ ఏమీ అనలేదు. చింతపండు గింజలు తీస్తా ‘నువ్వు ఏం చదివినా నా కతలు వినేదానికి మాత్రం రావాల’ అనింది.

గోర్కీ పుస్తకం చదివాక తాత మాట నాకు వేరేగా వినపడింది. ఆయన నా ఆశయానికి శత్రువు కాదు. ఆయన అడిగింది సరైన ప్రశ్నే, పడవ లాగినవాడి ప్రశ్న. చేతికి పని లేకుండా కథ ఎన్నాళ్లు నిలబడుతుంది? దానికి జవాబు నేనే వెతుక్కోవాలి. తెలుగు టీచరు కావాలని నా కోరిక. టీచరు పని తాత ప్రశ్నకు జవాబవుతుంది, అవ్వ కతలకు చోటూ అవుతుంది. అంతమాత్రాన అవ్వ చెప్పేవన్నీ తీసుకుంటానని కాదు. ఆమె కతల్లో కోడళ్లు ఎప్పుడూ ఏడుస్తూనే ఉంటారు, చివరికి ఓర్చుకున్నందుకు దేవుడు వరమిస్తాడు. ఆ ముగింపులు నేను మార్చే చెప్తాను. గోర్కీ కూడా అమ్మమ్మ దగ్గర కథ చెప్పే పద్ధతి తీసుకున్నాడు, ఓర్పు వదిలేశాడు. ఏరుకోవడం అగౌరవం కాదు. ఏదీ ఏరుకోకుండా అన్నీ మోసేవాడు కొంత దూరం పోయాక అన్నీ దింపేస్తాడు.

ఇంటి భాష సాహిత్యం అవుతుందా అని అనుమానపడేవాళ్లకు మన దగ్గరే ఉదాహరణ ఉంది. స.వెం. రమేశ్ గారి ‘ప్రళయకావేరి కథలు’ పులికాట్ సరస్సు పక్క తెలుగులో ఉంటాయి. సెలవులకు అవ్వాతాతల ఊరికి పోయే పిల్లవాడి కథలవి. అక్కడి చేపల పేర్లు, గడ్డి పేర్లు, ఆటల పేర్లు అందులో దొరుకుతాయి. ‘మంచి పని’ అనే మనిషి అల్యోషాకు చెప్పిన పనిని మన భాషలో ఒకరు చేసి చూపించారన్నమాట.

ఇక పుస్తకంలో నాకు నచ్చనివి కూడా చెప్పాలి. మొదటిది పేర్లు. అల్యోషా, అలెక్సెయ్, ల్యోన్కా అన్నీ ఒకరే అని తెలియడానికి నాకు చాలా పేజీలు పట్టింది. మొదట్లో ఒక పట్టిక ఉంటే బాగుండేది. రెండోది కొట్లాటలు. ఒక్కో అధ్యాయంలో వరసగా రెండు మూడు కొట్లాటలు వస్తాయి, కొన్నిచోట్ల అవి ఒకేలా ఉన్నాయి. అంత చీకటి చూపిస్తేగానీ అమ్మమ్మ వెలుగు తెలియదని రచయిత అనుకొని ఉండొచ్చు. కానీ ఏడో తరగతి పిల్లలకు ఇది బరువవుతుంది. తొమ్మిది, పది తరగతులవాళ్లు చదవాలి, పక్కన టీచరో అమ్మానాన్నలో ఉంటే ఇంకా మంచిది. మూడోది అమ్మ వార్వారా. ఆమె వస్తుంది, పోతుంది, మళ్లీ పెళ్లి చేసుకుంటుంది, చివరికి చనిపోతుంది. ఆమె మనసులో ఏముందో మనకు సరిగా తెలియదు. అమ్మమ్మ పక్కన నిలబడితే ఎవరైనా చిన్నగానే కనిపిస్తారు, అది అమ్మకు అన్యాయం అనిపించింది. అయితే ఒక మాట. అమ్మమ్మను కూడా గోర్కీ దేవతను చేయలేదు. ఆమె తాగుతుంది, ఒక్కోసారి భయపడుతుంది. అందుకే నమ్మబుద్ధి అవుతుంది.

తల్లి చనిపోయాక తాత మనవడిని పిలిచి, ఇక నిన్ను నేను మోయలేను, లోకంలోకి పో అంటాడు. అక్కడితో ‘బాల్యం’ ముగుస్తుంది. ఆ తరువాత అతడు చెప్పుల దుకాణంలో పని చేశాడు, పడవలో గిన్నెలు కడిగాడు. 1884లో యూనివర్సిటీలో చదవాలని కజాన్‌కు పోయాడు, చేరలేకపోయాడు. అమ్మమ్మ చనిపోయినప్పుడు అతడు కజాన్‌లోనే ఉన్నాడు. ఆ సంగతి మూడో పుస్తకం ‘నా విశ్వవిద్యాలయాలు’లో ఉంది. పాతిపెట్టిన ఏడు వారాలకు గానీ అతనికి ఉత్తరం చేరలేదు. చర్చి మెట్ల దగ్గర అడుక్కుంటూ పడి కాలు విరిగి పోయిందట. ఆ రోజు అమ్మమ్మ గురించి ఎవరికైనా చెప్పాలని అతనికి అనిపించింది, చెప్పడానికి మనిషి దొరకలేదు.

ఎన్నో ఏళ్ల తరువాత ‘బాల్యం’ రాశాడు. ఆ రోజు ఒక్క మనిషికి చెప్పలేకపోయిన మాటలను ఇప్పుడు ఎన్నో భాషల్లో, మన తెలుగులో కూడా చదువుతున్నాం. అందుకే ఈ పుస్తకం చదివి మూసేసి ఊరుకుంటే చాలదు. మన క్లాసులో ముప్పై మందిమి ఉన్నాం. ఒక్కొక్కరం ఒక్క నోటుబుక్కు తీసి, మన ఇంట్లో అవ్వ చెప్పే ఒక్క కథను ఆమె మాటల్లోనే రాసి, తాత చెప్పిన ఒక్క నిజం సంగతిని పక్క పేజీలో రాస్తే, వచ్చే ఏడు ఈ పత్రికకు ముప్పై కథలు, ముప్పై సంగతులు ఉంటాయి. మా తెలుగు టీచరుకు ఈ మాట చెప్పాను. నోటుబుక్కులు బడి ఇస్తుందన్నారు. రాయడం మన పని.